కూర్చున్న రాజు, తెరల మధ్య మందసము: సొంత సుఖము, దేవుని ఘనతలపై హెబ్రీ లేఖనాల బోధ

ఆలయ నిర్మాణానికి కానుకలు కోరే కూటములలో మన సంఘాలు తరచుగా చదివే వాక్యభాగాలలో హగ్గయి మొదటి అధ్యాయం ఒకటి. ప్రజల ఇండ్లకు సరంబీ ఉంది, దేవుని మందిరం పాడుగా ఉంది. కాబట్టి ముందు మందిరం, తరువాతే ఇల్లు. ఆ ప్రసంగాల సారాంశం ఇదే. కొన్నేళ్ల క్రితం ఈ అధ్యాయాన్ని తరగతిలో బోధించిన రోజున, పాఠం ముగిశాక ఒక విద్యార్థి మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మా అమ్మ ఉండేది తాటాకు ఇంట్లో. వాన వస్తే గిన్నెలు పెట్టి నీళ్లు పట్టుకుంటుంది. ఈ వాక్యం ఆమెకు ఏమని చెప్పమంటారు?" అని అడిగాడు. ఆ రోజు మేము ఇచ్చిన జవాబు మాకే తృప్తినివ్వలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

సొంత సుఖానికీ, దేవుని ఘనపరచాలనే కోరికకూ మధ్య సంబంధాన్ని గురించి హెబ్రీ లేఖనాలు ఒక సూత్రం రాసి ఇవ్వలేదు. అవి కథలు చెప్పాయి, ప్రవచనాలు పలికాయి, ఒక యాత్ర కీర్తన పాడాయి. అయితే ఈ భాగాలన్నిటిలో కొన్ని మాటలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఆ మాటల వెంట నడిస్తే హగ్గయి ప్రశ్నను దాని సొంత చోటులో నిలిపి చదవగలమని మా అభిప్రాయం.

1. ‘యాషవ్’: కూర్చుండుట

మొదటి మాట ‘యాషవ్’. దీనికి కూర్చుండుట, నివసించుట, నిలిచిపోవుట అనే అర్థాలు మూడూ ఉన్నాయి. 2 సమూయేలు 7వ అధ్యాయం ఈ క్రియతోనే మొదలవుతుంది. రాజు తన నగరిలో కూర్చున్నాడు. చుట్టూ ఉన్న శత్రువుల నుండి యెహోవా అతనికి నెమ్మది కలుగజేశాడు (7:1). ఆ ఇల్లు తూరు రాజైన హీరాము పంపిన దేవదారు మ్రానులతో, అతని వడ్రంగులు, కాసెపనివారు కట్టినది (5:11). ఇందులో దావీదును తప్పు పట్టే మాట ఒక్కటీ లేదు. అతని నెమ్మది దేవుడు ఇచ్చిన వరమని గ్రంథకర్త స్పష్టంగా చెబుతున్నాడు. గుహలలో తలదాచుకున్న మనిషికి ఇల్లు దొరికింది.

అయితే ఆ నెమ్మదిలో దావీదుకు ఒక కలత పుట్టింది. తాను దేవదారు ఇంటిలో ఉండగా దేవుని మందసము తెరల మధ్య ఉన్నదని నాతానుతో అంటాడు (7:2). హెబ్రీ మూలంలో ఈ రెండు భాగాలకూ క్రియ ఒక్కటే: నేను ‘యోషేవ్’, మందసము కూడా ‘యోషేవ్’. ఒకే క్రియకు కర్తలు ఇద్దరు, చోట్లు రెండు. దేవుని ఘనపరచాలనే కోరిక ఇక్కడ ఏదో ఆజ్ఞ నుండి పుట్టలేదు. తన ఇంటిని, మందసమున్న చోటును ఒక చూపులో పెట్టి పోల్చుకోవడం వల్ల పుట్టింది.

ఆ రాత్రే దేవుడిచ్చిన జవాబు ఆశ్చర్యకరమైనది. ఐగుప్తు నుండి ఇశ్రాయేలీయులను రప్పించిన నాటి నుండి తాను ఏ ఇంటిలోనూ నివసించలేదనీ, గుడారంలోనే సంచరించాననీ, దేవదారు ఇల్లు కట్టమని ఏ నాయకుణ్ణీ అడగలేదనీ అంటాడు (7:6-7). ప్రజలు గుడారాలలో ఉన్నంతకాలం ఆయనా గుడారంలోనే ఉన్నాడు. తన సుఖంలో లోటేదో జరిగిందన్న ఫిర్యాదు ఆ మాటల్లో లేదు. పైగా నీవు నాకు ఇల్లు కట్టడం కాదు, నేనే నీకు ‘బయిత్’ కలుగజేస్తానంటాడు (7:11). ‘బయిత్’ అంటే ఇల్లు, మందిరం, వంశం కూడా. మన భాషలో "ఫలానా ఇంటివారు" అన్నప్పుడు ఇల్లనే మాట కుటుంబాన్ని చెప్పినట్టే ఇది.

అలాగని దావీదు కోరిక వ్యర్థం కాలేదు. ఆ ఆలోచన అతని హృదయంలో ఉండడం మంచిదేనని దేవుడు చెప్పినట్టు సొలొమోను తరువాత గుర్తు చేస్తాడు (1 రాజులు 8:18). దావీదు లోపలికి వెళ్లి యెహోవా సన్నిధిని కూర్చున్నాడని వాక్యం చెబుతుంది (7:18). అక్కడ కూడా క్రియ ‘యాషవ్’. తన నగరిలో కూర్చున్న రాజు దేవుని సన్నిధిలో కూర్చున్నవాడయ్యాడు. అధ్యాయంలోని కదలికంతా ఈ రెండు కూర్చోవడాల మధ్యనే జరిగింది.

2. ఊరియా జవాబు

నాలుగు అధ్యాయాల తరువాత అదే క్రియ మళ్లీ వస్తుంది. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలంలో దావీదు యోవాబును పంపించి తాను యెరూషలేములో నిలిచిపోయాడు (2 సమూ. 11:1). ‘యోషేవ్’ అనే రూపం అదే. కానీ ఈసారి పోలిక లేదు, కలత లేదు. బత్షెబ విషయం జరిగిన తరువాత, దానిని కప్పిపుచ్చడానికి ఆమె భర్త ఊరియాను యుద్ధభూమి నుండి పిలిపించి ఇంటికి వెళ్లమంటాడు. ఊరియా వెళ్లడు. కారణం అడిగితే, మందసమును ఇశ్రాయేలువారును యూదావారును గుడారములలో ఉండగా, యోవాబూ సైనికులూ బయలున దిగి ఉండగా, తాను ఇంటికి పోయి తిని త్రాగి భార్యతో ఉండడం ఎలాగని అడుగుతాడు (11:11). ఇక్కడ గుడారాలు అని అనువదించిన ‘సుక్కోత్’ ఒక ఊరి పేరు కావచ్చునని కొందరు పండితులు ప్రతిపాదించారు. అలా తీసుకున్నా ఊరియా చేసే పోలిక చెక్కుచెదరదు.

ఊరియా మాటల్లోని మందసము, ‘యోషేవీమ్’ అనే క్రియ, సొంత ఇల్లు అనే మూడూ 7వ అధ్యాయంలో దావీదు మాటల్లో ఉన్నవే. ఒకప్పుడు రాజు నోట పుట్టిన కలత ఇప్పుడు హిత్తీయుడైన ఒక సైనికుడి నోట వినిపిస్తోంది. రాజు మాత్రం దానిని గుర్తుపట్టలేదు. ఊరియా పోలికలో మందసము ఒక్కటే లేదని కూడా గమనించాలి. మందసముతో పాటు బయట పడుకున్న తోటివారున్నారు. దేవుని ఘనతను గురించిన తలంపు, తోటివాని కష్టాన్ని గురించిన తలంపు అతనిలో విడివిడిగా లేవు.

సుఖంలో ఉన్న ప్రమాదం ఏమిటో ఈ కథ చూపిస్తుంది. దేవదారు ఇల్లు 7వ అధ్యాయంలోనూ ఉంది, 11వ అధ్యాయంలోనూ ఉంది. మారింది ఇల్లు కాదు, అందులో కూర్చున్నవాని చూపు.

3. ‘హిన్నామ్’: ఊరికే

దావీదును గద్దించడానికి నాతాను చెప్పిన ఉపమానం మనకు తెలిసినదే. ఐశ్వర్యవంతుడు తన ఇంటికి వచ్చిన అతిథికి విందు చేయాలి. తన మందలో నుండి తీయడానికి మనసొప్పక, దరిద్రుని ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్లను పట్టుకొని వండించాడు (12:1-4). అతిథి మర్యాద జరిగింది. ఖర్చు మాత్రం మరొకరిది. ఘనపరచడమనేది సరే, దాని వెల ఎవరు చెల్లిస్తున్నారు? ఈ ప్రశ్నకు సమూయేలు గ్రంథం చివరి అధ్యాయం జవాబిస్తుంది.

తెగులు ఆగడానికి బలిపీఠం కట్టవలసి వచ్చినప్పుడు యెబూసీయుడైన అరౌనా తన కళ్లాన్ని, ఎడ్లను, కట్టెలకై నూర్చుకర్ర సామానును కూడా ఇస్తానంటాడు (24:22). దావీదు ఒప్పుకోలేదు. వెల ఇవ్వకుండా తీసుకున్నదానితో తన దేవునికి దహనబలి అర్పించనని చెప్పి, కళ్లాన్నీ ఎడ్లనూ 50 తులముల వెండికి కొన్నాడు (24:24). దినవృత్తాంతాల గ్రంథం ఆ స్థలానికి 600 తులముల బంగారం ఇచ్చాడని చెబుతుంది (1 దిన. 21:25). ఒకటి కళ్లానికి, మరొకటి చుట్టూ ఉన్న స్థలమంతటికీ అని వ్యాఖ్యాతలు కొందరు సమన్వయం చేస్తారు. సొలొమోను మందిరం కట్టింది ఈ కళ్లంలోనే (2 దిన. 3:1). అంటే మందిరానికి పునాది స్థలం, ఒక రాజు ఊరికే తీసుకోవడానికి నిరాకరించిన నేల.

‘ఊరికే’ అనే మాటను మేము కావాలనే వాడాం. దావీదు పలికిన హెబ్రీ మాట ‘హిన్నామ్’. దానికి రెండు అర్థాలున్నాయి: వెల లేకుండా అని ఒకటి, కారణం లేకుండా అని మరొకటి. మన భాషలో "ఊరికే ఇచ్చాడు" అన్నా, "ఊరికే కొట్టాడు" అన్నా మాట ఒకటే కదా. ఈ రెండర్థాల మాటను యిర్మీయా ఒక రాజు మీద ప్రయోగించాడు. ఫరో నెకోకు 100 మణుగుల వెండి, ఒక మణుగు బంగారం చెల్లించడానికి దేశం మీద పన్ను వేసిన యెహోయాకీము (2 రాజులు 23:33-35), ఆ రోజుల్లోనే విశాలమైన మేడగదులు, పెద్ద కిటికీలు పెట్టించి, దేవదారు పలకలతో కప్పించి, ఎఱ్ఱరంగు వేయించి నగరు కట్టుకున్నాడు. పనివారికి జీతం ఇవ్వలేదు. పొరుగువానిచేత ‘హిన్నామ్’ పని చేయించుకున్నాడని ప్రవక్త ఆరోపణ (యిర్మీయా 22:13-14). దావీదు దేవునికి ఊరికే అర్పించనన్నాడు. అతని సింహాసనం మీద కూర్చున్నవాడు తనకోసం ఊరికే కట్టించుకున్నాడు.

యిర్మీయా అక్కడితో ఆగకుండా ఆ రాజు తండ్రి యోషీయాను గుర్తు చేస్తాడు. యోషీయా కూడా తిన్నాడు, త్రాగాడు. అయినా నీతిన్యాయాలు జరిగించాడు, దీనుల వ్యాజ్యెం తీర్చాడు, అతనికి క్షేమం కలిగింది. నన్ను తెలుసుకోవడం అంటే ఇదే కదా అని యెహోవా అడుగుతాడు (22:15-16). తినడం త్రాగడం యోషీయా మీద దోషంగా లెక్కించబడలేదు. ప్రవక్తలు భోజనానికి శత్రువులు కారు. ఆ భోజనం ఎవరి ఆకలి మీద నిలిచిందో వారు అడుగుతారు.

4. ‘కావోద్’: బరువు

ఘనత అనే అర్థంలో హెబ్రీ లేఖనాలు వాడే ముఖ్యమైన మాట ‘కావోద్’. బరువైనది అనే అర్థమున్న ‘కావేద్’ దీని ధాతువుకు చెందినదే. తెలుగు పాఠకునికి ఇది గ్రహించడం కష్టం కాదు. మనం వాడే ‘గౌరవం’ అనే మాట కూడా ‘గురు’, అంటే బరువైనది, అనే మాట నుండే వచ్చింది. దేవుని ఘనపరచడమంటే ఆయన మాటకు మన లెక్కలో బరువు ఇవ్వడం.

అయితే బరువును ఎవరి మీద పెడుతున్నాం? సొలొమోను మందిరాన్ని ఏడేళ్లలో, తన నగరును పదమూడేళ్లలో కట్టాడని గ్రంథకర్త రెండు వచనాలను పక్కపక్కనే ఉంచాడు (1 రాజులు 6:38, 7:1). మందిరం పొడవు 60 మూరలు, వెడల్పు 20 మూరలు (6:2). నగరులోని లెబానోను అరణ్యపు మందిరం ఒక్కటే 100 మూరల పొడవు, 50 మూరల వెడల్పు (7:2). ఇది నింద అని గ్రంథకర్త చెప్పలేదు. కొలతలు చెప్పి ఊరుకున్నాడు. ఈ పనులకోసం వెట్టికి పట్టిన 30,000 మందిలో నెలకు 10,000 మంది చొప్పున వంతులవారీగా లెబానోనుకు వెళ్లారు (5:13-14). మందిరానికీ నగరుకూ వెట్టి ఒక్కటే (9:15). సొలొమోను చనిపోయాక ప్రజలు రెహబాముతో మొదట అన్న మాట, నీ తండ్రి మా కాడిని బరువు చేశాడని (12:4). ఆ బరువుకు వాడిన మాట ‘కావేద్’. దేవుని ఘనతకు మూలమైన ధాతువే ఇక్కడ ప్రజల మెడ మీద కాడి అయింది. ఆ ఫిర్యాదుకు సరైన జవాబు దొరకనందున రాజ్యం రెండుగా చీలింది. దేవుని పేరిట కట్టినంత మాత్రాన అణచివేత ఆరాధన కాదని ఇంతకన్నా గట్టిగా చెప్పడం కష్టం.

5. హగ్గయి ప్రశ్న

ఇప్పుడు హగ్గయి దగ్గరకు వద్దాం. దర్యావేషు ఏలుబడి రెండవ సంవత్సరం, ఆరవ నెల, మొదటి దినం. మన లెక్కలో క్రీ.పూ. 520 ఆగస్టు 29. కోరెషు అనుమతితో చెరనుండి తిరిగి రావడం మొదలై దాదాపు 18 సంవత్సరాలైంది. మందిరం పని ఆగిపోయి ఉంది. ప్రవక్త మాట మొదట చేరింది అధికారి జెరుబ్బాబెలుకు, ప్రధాన యాజకుడు యెహోషువకు (1:1). సమయం ఇంకా రాలేదని ప్రజలంటుంటే, మీరు సరంబీ వేసిన ఇండ్లలో నివసించడానికి మాత్రం సమయమా అని ప్రశ్న వస్తుంది (1:4). నివసించుట అన్నచోట ఉన్నది ‘యాషవ్’ క్రియే. సరంబీ అని అనువదించిన ‘సెఫూనీమ్’ యొక్క ధాతువును లేఖనాలు సొలొమోను నగరుకూ (1 రాజులు 7:3, 7), యెహోయాకీము నగరుకూ (యిర్మీయా 22:14) వాడాయి. కేవలం పైకప్పు వేసిన ఇండ్లని అర్థం చేసుకునేవారూ ఉన్నారు. పలకలు తాపిన ఇండ్లని తీసుకుంటే, ఆ కరవు కాలంలో అలాంటి ఇండ్లు అందరికీ ఉండవు. ప్రశ్న ముందుగా తగిలేది నాయకులకు, ఉన్నవారికి.

సామాన్యుల స్థితిని ప్రవక్త ఎరుగనివాడు కాడు. విత్తనాలు ఎక్కువ, పంట తక్కువ. తిన్నా ఆకలి, కప్పుకున్నా చలి. కూలి డబ్బు చిల్లుపడిన సంచిలో వేసినట్టే (1:6). మందిరం ‘హారేవ్’, అంటే పాడు. భూమి మీదికి వచ్చింది ‘హోరెవ్’, అంటే అనావృష్టి (1:9, 11). ఈ రెండు మాటల ధ్వనిలోనే ప్రవక్త వాటి సంబంధాన్ని వినిపించాడు. ఎవరి ఇంటికోసం వారు పరుగెత్తుతున్నారన్నదే ఆరోపణ (1:9). ఇల్లుండడం తప్పు కాదు. ఒకరినొకరు, దేవుణ్ణి కూడా, దాటిపోయే పరుగు తప్పు.

మరి దేవుడు అడిగిందేమిటి? కొండ ఎక్కి మ్రాను తెచ్చి మందిరం కట్టండి. అందులో నేను ఆనందించి ఘనత పొందుతాను (1:8). వెండి బంగారాలు తనవేనని తరువాత ఆయనే అంటాడు (2:8), కాబట్టి బీదవారిని వాటికోసం అడగలేదు. అడిగింది దగ్గరి కొండమీది కట్టె, చేతుల కష్టం. ఎవరి శక్తిలో ఉన్నది వారిని అడిగాడు. నాయకులూ శేషించిన జనులూ అందరూ కలిసి ఇరవై నాలుగవ దినాన పని మొదలుపెట్టారు (1:14-15). మందిరం క్రీ.పూ. 515లో పూర్తయింది (ఎజ్రా 6:15).

‘ఘనత పొందుతాను’ అనే క్రియ చివర ఉండవలసిన ‘హే’ అక్షరం 1:8లో రాత రూపంలో లేదు. చదివే రూపంలో మాత్రం ఉంది. ఆ అక్షరానికి సంఖ్యావిలువ 5. మొదటి మందిరంలో ఉండి రెండవదానిలో లేని ఐదింటికి ఇది సూచన అని తల్మూదు రబ్బీలు వ్యాఖ్యానించారు. ఆ జాబితాలో మొదటిది మందసమే. దావీదుకు కలత పుట్టించిన మందసము లేకపోయినా, పాత వైభవం లేకపోయినా, దేవుడు ఆ చిన్న మందిరంలో ఘనత పొందడానికి ఒప్పుకున్నాడు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఆ అనావృష్టికి కారణం చెప్పే అధికారం హగ్గయికి ఇవ్వబడింది. ప్రతి కరవునూ ప్రతి నష్టాన్నీ అలా వివరించే అధికారం మనకు లేదు. యోబు ‘హిన్నామ్’ దేవునియందు భయభక్తులు కలిగి ఉన్నాడా అని అపవాది అడిగాడు (యోబు 1:9). ఆస్తీ పిల్లలూ పోయినా యోబు తన యథార్థతను విడువలేదు. అప్పుడు దేవుడే, అతణ్ణి ‘హిన్నామ్’, నిష్కారణంగా పాడుచేయడానికి నీవు నన్ను ప్రేరేపించావని సాతానుతో అన్నాడు (2:3). కారుతున్న ఇంటిని చూసి ఇది కానుక ఇవ్వనందుకు వచ్చిన శిక్ష అనేవాడు హగ్గయి పక్కన నిలబడడం లేదు, యోబు స్నేహితుల పక్కన నిలబడుతున్నాడు.

6. దేవుడు కూర్చునే చోటు

చివరిగా 132వ కీర్తన. యెహోవాకు స్థలం చూసేవరకు తన ఇంటిలో ప్రవేశించననీ, మంచమెక్కననీ, కన్నులకు నిద్ర రానివ్వననీ దావీదు చేసిన ప్రమాణాన్ని ఆ కీర్తన జ్ఞాపకం చేస్తుంది (3-5 వచనాలు). ఇది ఇతరుల మీద మోపిన నియమం కాదు. రాజు తన నిద్ర మీద తానే వేసుకున్న కట్టు. దానికి దేవుడిచ్చిన జవాబులో మనం మొదట చూసిన మాటలే తిరిగి వస్తాయి. సీయోను నా ‘మెనూహా’, నా విశ్రాంతి స్థానం. ఇక్కడే నేను కూర్చుంటాను (14 వచనం). క్రియ మళ్లీ ‘యాషవ్’. 2 సమూయేలు 7:1లో దావీదుకు దొరికిన నెమ్మదిని చెప్పే మాటా, ఈ ‘మెనూహా’ అనే మాటా ఒకే ధాతువుకు చెందినవి.

మరి దేవుడు విశ్రాంతిగా కూర్చున్న తరువాత ఏం చేస్తాడు? వెంటనే వచ్చే వచనంలో ఆయన సీయోను ఆహారాన్ని దీవించి, అక్కడి బీదలను ఆహారంతో తృప్తిపరుస్తాడు (15 వచనం). రాజు కూర్చున్నప్పుడు బయటివారిని మరిచిపోవచ్చు. యెహోవా కూర్చున్న చోట బీదవాని కడుపు నిండుతుంది. దేవుని సుఖమనేది ఒకటుంటే అది ఇదే.

ఈ భాగాలన్నిటి వెలుగులో మూడు విషయాలు చెప్పగలం. ఒకటి, నెమ్మది, ఇల్లు, భోజనం దేవుడిచ్చిన వరాలు. వాటిని అనుభవించడం పాపం కాదు. రెండు, ఆ నెమ్మది మన చూపును మూసివేస్తే, 7వ అధ్యాయపు దావీదు 11వ అధ్యాయపు దావీదు అవుతాడు. మూడు, దేవుని ఘనపరచాలనే కోరిక నిజమైనదైతే దాని వెలను మనమే చెల్లిస్తాం. పొరుగువాని గొఱ్ఱెపిల్లతో చెల్లించం.

ఆ విద్యార్థికి ఇప్పుడైతే మేము ఇలా చెబుతాం: బాబూ, ఆ వాక్యం ముందు మీ అమ్మకు కాదు, మాకు. సరంబీ కింద కూర్చుని పాఠం చెప్పేవాళ్లం మేమే. ఆమె చేతిలో ఏముందో అంతకన్నా ఎక్కువ దేవుడు ఆమెను అడగడు. ఆమె ఇవ్వగలిగినది కొండమీది ఒక కట్టె అయినా ఆయన దానిలో ఆనందిస్తాడు. ఆమె ఇంటి కప్పు సంగతి మాత్రం సంఘం పని. ఆలయానికి స్లాబు వేసే ముందు ఏ విశ్వాసి ఇల్లు కారుతోందో చూసుకోవడం హగ్గయి మాటకు అడ్డం కాదు. బీదలను తృప్తిపరిచే దేవుడు కూర్చోవడానికి ఇష్టపడే చోటును సిద్ధపరచడంలో అదీ భాగమే.